కావడి మోసిన భుజాలు: మన పెద్దల ఒంటి బలానికి ఉన్న చరిత్ర

"కొండ మనుషులకు అలుపనేది ఉండదు. డెబ్బై ఏళ్ళొచ్చినా మేకల్లా గట్టెక్కేస్తారు." మైదానం నుంచి మన్యానికి వచ్చినవాళ్ళు మన గురించి తరచుగా అనే మాట ఇది. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. మనలో చాలామందిమి దాన్ని పొగడ్తగానే తీసుకుని నవ్వి ఊరుకుంటాం. కానీ ఈ మాటకు వెనుక చాలా పాత చరిత్ర ఉంది. మన బలం పుట్టుకతో వచ్చిందని, తరగనిదని నమ్మినవాళ్ళు దాన్ని కూలి ఇవ్వకుండా వాడుకున్నారు. అదే నమ్మకం వల్ల ఇవాళ మన అవ్వలు, తాతలు నేల మీది నుంచి లేవలేకపోతున్నా, "మీకేం, గట్టివాళ్ళు" అని పక్కకు తప్పుకుంటున్నారు.

మన పెద్దల బలం రక్తంలో పుట్టలేదు. అది పనిలో, నడకలో, ఆటలో, తిండిలో రోజూ తయారైంది. అవి సాగిన చోటు అడవి, కొండవాలు, సొంత భూమి. ఆ చోటు చేజారితే బలమూ జారుతుంది. అందుకే ముసలితనంలో కండ నిలబెట్టుకోవడం ఒక్క వైద్యుల సంగతే కాదు, అది మన హక్కుల చరిత్రలో ఒక భాగం.

పొగడ్త వెనుక ఉన్న లెక్క

దొరల కాలంలో ఆదివాసుల ఒంటిని కొలవడం ఒక పెద్ద పనిగా సాగింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. వాటిలో ముక్కు ఎంత వెడల్పు, తల ఎంత పొడవు అనే లెక్కలు ఉన్నాయి. మనిషి స్వభావమూ సత్తువా పుట్టుకలోనే ఉంటాయని నమ్మిన కాలం అది. ముక్కు కొలిచిన ఆ చూపుకు, భుజం మీది కావడికీ ఆ భుజం బలానికీ మధ్య ఉన్న సంబంధం కనబడలేదు.

కొలిచినవాళ్ళ వెనుకే వాడుకునేవాళ్ళూ వచ్చారు. మన్యంలో అధికారి మకాం మారిందంటే సామాను మోయడానికి గూడెం కదలాలి. డేరా, పెట్టెలు, వంట సామాను మన భుజాల మీదే ఘాట్ ఎక్కాయి. నడవలేని అధికారి డోలీలో ఎక్కితే మోసింది మనవాళ్ళే. దానికి పేరు వెట్టి. "వీళ్ళకు ఇది అలవాటే" అన్న ఒక్క మాటతో కూలి ఎగ్గొట్టారు.

1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం ఒక వైపు రిజర్వు హద్దులు వేసి పోడును నేరం చేసింది. మరో వైపు అదే అడవిలో రోడ్లు వేయడానికి పోడు వదిలిన చేతులే కావలసి వచ్చాయి. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే తహసీలు అధికారి నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా రోడ్డు పనులు చేయించి, సరైన కూలి ఇవ్వకుండా వేధించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు అల్లూరి సీతారామరాజు వెంట నిలవడానికి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద జరిగిన దాడుల గురించి మనం పిల్లలకు చెబుతాం. ఆ పోరాటం వెనుక రాళ్ళు మోసి, కొండ తవ్వి, చేతికి దుడ్డు అందని ఒళ్ళు కూడా ఉన్నాయని చెప్పడం మరచిపోతాం.

గోదావరి అవతల నిజాం ఇలాకాలోనూ కథ వేరుగా లేదు. పశువులను మేపితే పన్ను, పోడు కొడితే కేసు, అధికారి వస్తే వెట్టి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆ మూడింటిలో మన ఒంటి బలం కూడా ఇమిడి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1976 దాకా ఆగితేగాని వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం రాలేదు. ఆ చట్టం రద్దు చేసిన పద్ధతుల పట్టికలో వెట్టి, జీతం, భగేలా, పాలేరు అనే పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ పేర్లన్నీ ఒకరి కండను మరొకరు సొంతం చేసుకున్న పద్ధతుల పేర్లే.

బలం తయారైన చోటు

మరి ఆ బలం నిజంగా ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ఏడాది పనిని వరుసగా చూస్తే తెలుస్తుంది.

ఎండాకాలంలో పోడు కొట్టడం అంటే గొడ్డలి ఎత్తి దించడం. భుజం, వీపు, నడుము, తొడ అన్నీ ఒకేసారి పని చేస్తాయి. తొలకరికి గింజ వేయడం అంటే వాలు మీద నిలదొక్కుకుంటూ, వంగుతూ, లేస్తూ, ఒక్కో అడుగూ పైకి జరగడం. వాలు నేల మీద పాదం ఎప్పుడూ సమంగా పడదు. మడమ, చీలమండ, మోకాలు ప్రతి అడుగుకూ సర్దుకోవాలి. ఒళ్ళు తూలకుండా నిలబడే నేర్పు అక్కడే వస్తుంది. కలుపు తీయడం రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని. కోతల తర్వాత గింజను గూడేనికి చేర్చేది కావడి. సామలు, కొర్రలు దంచేది రోకలి. చోళ్ళు విసిరేది తిరగలి.

ఇక అడవి పని. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి వెళితే కొన్ని వందల సార్లు వంగాలి. చింతపండు రాల్చడం, కరక్కాయ ఏరడం, అడ్డాకు కోయడం, కొండచీపుర్లు కట్టడం, జీలుగు చెట్టెక్కి కల్లు దించడం, ఒక్కోదానికి ఒళ్ళు ఒక్కో తీరుగా కదులుతుంది. నల్లమల చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ చరియల్లోకి దిగి తేనె తీస్తారు, తవ్వుకోలతో నేల తవ్వి దుంపలు తీస్తారు. పిడికిలి పట్టు లేనివాడు ఆ తాడు పట్టలేడు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద, 1945లో పాపికొండల రెడ్ల మీద, 1948లో ఆదిలాబాదు రాజ్‌గోండుల మీద రాసిన పుస్తకాలు చూస్తే, మన పనుల వైవిధ్యం ఎంతటిదో బయటివాడి రాతలోనూ తెలుస్తుంది.

ఆ తర్వాత సంత. గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగి, ఉప్పు, కిరసనాయిలు, బట్ట కొనుక్కుని మళ్ళీ కొండ ఎక్కడం. దిగేటప్పుడు తొడ కండ బరువును ఆపుతూ పని చేస్తుంది, ఎక్కేటప్పుడు బరువును లేపుతూ పని చేస్తుంది. ముసలితనంలో మెట్లు దిగేటప్పుడు పడిపోకుండా కాపాడేది ఈ ఆపే బలమే.

ఆట సంగతి వేరుగా చెప్పాలి. చైత్రమాసం ఇటుకల పండుగలో విశాఖ మన్యమంతా దింసా ఆడుతుంది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్ళు వీపుల వెనుక చేతులు కలుపుకుని, వంగుతూ లేస్తూ, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ గొలుసులా తిరుగుతారు. పక్కమనిషి పట్టు ఉంటుంది కనుక అవ్వ కూడా పడిపోతానన్న భయం లేకుండా ఆడగలదు. కోయల రేల ఆట, కొమ్ము ఆట కూడా రాత్రి పొడవునా సాగుతాయి. ఆదిలాబాదులో దీపావళి ముందు దండారీ బృందాలు నెమలి ఈకల టోపీలతో ఊరూరా తిరుగుతూ గుస్సాడి ఆడతాయి. మర్లవాయికి చెందిన గుస్సాడి కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకునే నాటికి పెద్ద వయసువారు. ఆ వయసులోనూ పిల్లలకు అడుగులు నేర్పిన మనిషి ఆయన.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మన గూడెంలో "రిటైరు" అన్న మాట లేదు. వయసు పెరిగితే పని మారుతుంది గాని ఆగదు. గొడ్డలి పని వదిలిన తాత మంచె ఎక్కి పిట్టలను తోలుతాడు, వెదురు చీల్చి తట్టలు అల్లుతాడు. కావడి వదిలిన అవ్వ అడ్డాకులు కుడుతుంది, పెరటి పాదులు చూస్తుంది, మేకలను తోలుకుపోతుంది. బరువు తగ్గినా కదలిక తగ్గదు. ఈ ఏర్పాటును ఎవరూ ఆరోగ్యం కోసమని పెట్టలేదు. బతుకు తెరువు అలా నడిచింది. దాని ఫలితం మాత్రం ఆరోగ్యమే అయింది.

వైద్యులు తర్వాత తెలుసుకున్నది

ఈ విషయాన్ని పెద్ద ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు కాస్త ఆలస్యంగా పట్టుకున్నాయి. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని తేలింది. ఒకే బస్సు, ఒకే ఊరు, తేడా అంతా కదలికలో ఉంది. పని మనిషి ఒంటిని ఎలా మారుస్తుందో చూపిన తొలి పెద్ద పరిశోధనల్లో అది ఒకటి.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళనే మళ్ళీ పరీక్షించారు. శ్రమకు తట్టుకునే శక్తిని ముప్పై ఏళ్ళ వయసు ఎంత తగ్గించిందో, అంతకంటే ఎక్కువగా ఆ మూడు వారాల మంచం తగ్గించిందని తేలింది. ఈ మాటను గుర్తుంచుకోండి, నిర్వాసిత కాలనీల గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ కావలసి వస్తుంది.

వయసుతో కండ తరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త "సార్కోపీనియా" అని పేరు పెట్టాడు. ముప్పై ఏళ్ళు దాటాక కండ పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం తరుగుతుందని, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుందని చెబుతారు. కండలో రెండు రకాల పోగులు ఉంటాయి. మెల్లగా, చాలాసేపు పని చేసేవి కొన్ని. చటుక్కున బలం చూపేవి కొన్ని. వయసుతో ముందుగా సన్నబడేవి ఈ రెండో రకం. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి కావలసింది అవే. ఊరికే నడిస్తే మొదటి రకానికి పని దొరుకుతుంది. రెండో రకం నిలవాలంటే బరువు ఎత్తాలి, గట్టు ఎక్కాలి, నేల మీది నుంచి లేవాలి.

తరిగిన కండ మళ్ళీ వస్తుందా? 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు వృద్ధుల సంరక్షణ కేంద్రంలోని 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమందితో కాళ్ళకు బరువులు ఎత్తించింది. ఎనిమిది వారాలు పూర్తిచేసిన తొమ్మిదిమంది కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తొంభై ఏళ్ళ కండ కూడా పని చెబితే వింటుందని లోకానికి తెలిసింది.

మనలాంటి ఆదివాసుల దగ్గరి నుంచి కూడా శాస్త్రం నేర్చుకుంది. ఆఫ్రికాలోని టాంజానియాలో వేట, సేకరణతో బతికే హడ్జా జనం రోజులో పది గంటల దాకా విశ్రాంతిగానే ఉంటారని 2020లో ఒక పరిశోధన చెప్పింది. అయితే వాళ్ళు కుర్చీలో కూలబడరు. గొంతుక్కూర్చుంటారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు. ఆ కూర్చోవడంలో కూడా కాలి కండ మేలుకునే ఉంటుంది. మన గూడెం అరుగు దగ్గర కబుర్లు చెప్పుకునే పెద్దలను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

2015లో భారత్‌తో కలిపి 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేలమంది పిడికిలి పట్టును కొలిచిన పరిశోధన ఒకటి వెలువడింది. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ భయం 16 శాతం పెరిగిందని అందులో తేలింది. ఒకప్పుడు మన ముక్కులు కొలిచినవాళ్ళ తరువాతి తరాలు చివరికి పిడికిలిని కొలవడం మొదలుపెట్టాయి. పిడికిలి బలం జాతిని బట్టి రాదు, చేసే పనిని, తినే తిండిని, గడిపిన బతుకును బట్టి వస్తుంది.

బలం ఎలా జారింది

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గత యాభై, అరవై ఏళ్ళలో మన్యంలో వచ్చిన మార్పులు అన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని మేలు చేశాయి, కొన్ని కీడు చేశాయి, కొన్ని రెండూ చేశాయి.

పిండిమర వచ్చింది. తెల్లవారకముందే లేచి రోకలి పట్టిన ఆడవాళ్ళకు అది నిజమైన విడుదల. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. రోడ్డు వచ్చింది, ఆటో వచ్చింది. డోలీలో ప్రాణం పోయే గర్భిణికి ఆ రోడ్డు అవసరం. రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి. అప్పట్లో దొరలను మోసిన డోలీలోనే ఇవాళ మన ఆడబిడ్డలను మోసుకుపోతున్నాం. కాబట్టి రోడ్డు వద్దనే మాట మన నోట రాదు.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలి నెలల్లో అది కడుపు నింపింది. అయితే బియ్యం గింజ వెంటే పళ్ళెం మారిపోయింది. పోడులో చోళ్ళు, సామలు, కందులు, ఉలవలు, బొబ్బర్లు కలిపి వేసే పద్ధతి తగ్గింది. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 7, 8 గ్రాములకు మించవు. ఉలవల్లో, కందుల్లో 20 గ్రాములకు పైగా ఉంటాయి. చోళ్ళలో మాంసకృత్తులు బియ్యమంతే ఉన్నా, ఎముకకు కావలసిన కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ. కండకు పని ఎంత అవసరమో పప్పు, గుడ్డు, చేప, మాంసం అంత అవసరం. ముసలివాళ్ళకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము పైన మాంసకృత్తులు ఉండాలని వైద్యులు చెబుతున్నారు. మన అవ్వ చారు అన్నం, చింతపండు పులుసు తిని పడుకుంటే ఆ లెక్కలో సగం కూడా చేరదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ చోటు పోవడం. మాచ్‌ఖండ్, సీలేరు నీళ్ళు విద్యుత్తు ఇచ్చాయి, మన పల్లాలను తీసుకున్నాయి. నల్లమలలో పులుల అభయారణ్యం పేరుతో చెంచులను అడవి బయటికి రమ్మని ఏళ్ళ తరబడి ఒత్తిడి చేశారు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గోదావరి ఒడ్డున తరాలుగా బతికిన కోయలు, కొండరెడ్లు ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు చేరుతున్నారు.

కాలనీలో ఏముంటుంది? వరుస ఇళ్ళు, సిమెంటు బాట, నీళ్ళ కుళాయి, కరెంటు. వయసులో ఉన్నవాళ్ళు కూలికి పోతారు. ముసలివాళ్ళకు చేయడానికి పని లేదు. ఏరడానికి ఇప్పచెట్టు లేదు. తోలడానికి మేకల మంద లేదు, మేపడానికి బీడు లేదు. తట్ట అల్లడానికి వెదురు లేదు. పాదు పెట్టడానికి పెరడు లేదు. సంత ఎక్కడో తెలియదు. అవ్వ, తాత అరుగు మీద కూర్చుంటారు. కుర్చీ, మంచం, మళ్ళీ కుర్చీ. డల్లాస్ యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచితే ఏమైందో చూశాం. మన పెద్దలను ఏళ్ళ తరబడి కూర్చోబెడితే ఏమవుతుందో వేరే పరీక్ష పెట్టి తేల్చనక్కరలేదు. పునరావాస లెక్కల్లో ఎకరానికి, ఇంటికి, చెట్టుకు ధర కడతారు. పోయిన నడకకు, పోయిన కండకు లెక్క కట్టే గడి ఆ కాగితంలో లేదు.

బంగారు కాలం అని భ్రమపడొద్దు

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త అవసరం. "పాత రోజుల్లో మనవాళ్ళంతా నూరేళ్ళు బతికారు" అనడం నిజం కాదు. మలేరియా, క్షయ, కాన్పు కష్టాలు, ఆకలి మన గూడేలను ఎంతగా తిన్నాయో మన పెద్దలకు తెలుసు. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన పనిచేసిన ఆదివాసీ ఆరోగ్య నిపుణుల సంఘం నివేదిక 2018లో వెలువడింది. షెడ్యూల్డు తెగల ఆయుర్దాయం 63.9 ఏళ్ళని, మిగతావారిది 67 ఏళ్ళని అది చెప్పింది. డెబ్బైల్లో కొండ ఎక్కే తాత మనకు కనిపిస్తాడు. యాభై దాటకుండానే పోయిన అతని తోటివాళ్ళు మనకు కనబడరు. బతికి మిగిలినవాళ్ళను మాత్రమే చూసి "గట్టి జాతి" అని తీర్పు చెప్పడం పాత దొరలు చేసిన తప్పే.

ఇంకొకటి, కష్టం అంతా వ్యాయామం కాదు. తన పొలంలో, తన వీలును బట్టి, మధ్యమధ్య చెట్టు నీడన ఆగుతూ చేసే పని కండను పెంచుతుంది. కడుపు నిండకుండా, విశ్రాంతి లేకుండా, వేరొకరి ఆజ్ఞ మీద మోసే బరువు కండను కరిగించి కీళ్ళను అరగదీస్తుంది. ఆకలితో ఉన్న ఒళ్ళు తన కండనే తిని బతుకుతుంది. నీళ్ళ బిందెలు, కట్టెల మోపులు చిన్నతనం నుంచీ మోసిన మన ఆడవాళ్ళ మెడలు, మోకాళ్ళు ఇందుకు సాక్ష్యం. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి మితిమీరిన శ్రమ ప్రమాదం కూడా. వెట్టికీ పనికీ ఉన్న తేడా గౌరవంలోనే కాదు, కండలో కూడా కనబడుతుంది.

ఇక మనం చేయవలసింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 ఏళ్ళు దాటినవారికి కొన్ని సూచనలు ఇచ్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండకు బరువు పని, మూడు రోజులైనా తూలకుండా నిలబడే సాధన ఉండాలని చెప్పింది. పట్నంలో దీనికోసం జిమ్ములు, పార్కులు వెతుక్కుంటారు. మన దగ్గర ఈ మూడూ పాత బతుకులోనే ఉన్నాయి, మిగిలిన చోట కాపాడుకోవాలి, పోయిన చోట మళ్ళీ తెచ్చుకోవాలి.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. చేతులు గుండెకు కట్టుకుని, పీట ఎత్తు కాదు, కుర్చీ ఎత్తు మీద నుంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లలోపు పూర్తయితే మేలు. అంతకంటే ఎక్కువ పడితే కండ తరుగుతోందేమో చూడాలని ఆసియా దేశాల వైద్యబృందం 2019లో చెప్పింది. పిడికిలి పట్టు మగవారికి 28 కిలోలకు, ఆడవారికి 18 కిలోలకు తగ్గకూడదని కూడా అదే బృందం హద్దు పెట్టింది. పిడికిలి కొలిచే చిన్న పరికరం ప్రతి మన్యం ఆరోగ్య కేంద్రంలో ఉండాలని మనం అడగాలి. బీపీ చూసినట్టే పట్టూ చూడాలి.

పరీక్షలో వెనుకబడితే భయపడనక్కరలేదు. గోడ పట్టుకుని రోజూ పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. నేల మీద కూర్చుని లేచే అలవాటును పూర్తిగా వదలకూడదు. మోకాళ్ళు సహకరించనివారు పీట మీద నుంచి లేవవచ్చు. చిన్న చెంబుతో నీళ్ళు రెండు చేతులా మోయడం కూడా బరువు పనే. గుండె జబ్బు, ఆయాసం, కీళ్ళ వాపు ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి. పళ్ళెంలో పప్పు, ఉలవచారు, గుడ్డు, ఎండుచేప వంటివి రోజూ ఏదో ఒకటి ఉండాలి. కోడి గుడ్డు మనవడికే అని అవ్వ పక్కకు పెడుతుంది. ఆ అలవాటును ఇంటివాళ్ళే మార్పించాలి.

ఇంటి బయట చేయవలసినది ఇంకా ఎక్కువ. దింసాను, గుస్సాడిని అరకు వచ్చిన పర్యాటకుల ముందు, వేదికల మీద ఆడే ప్రదర్శనగా మిగల్చవద్దు. వారంలో ఒక సాయంత్రం గూడెంలో పెద్దలతో కలిసి ఆడాలి. గొలుసు మధ్యలో అవ్వను నిలబెడితే పడిపోదు. ఆశ్రమ పాఠశాల పిల్లలకు డ్రిల్లు పీరియడ్‌లో మన అడుగులూ నేర్పాలి. ఉపాధి పనుల్లో ముసలివారికి నర్సరీ, విత్తన సేకరణ, పాదుల పని వంటివి కేటాయించమని గ్రామసభ తీర్మానం చేయాలి.

హక్కుల పని అన్నిటికీ పునాది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకు పట్టా ఇవ్వమంది. దాంతో పాటు ఊరుమ్మడి అడవి మీద సామూహిక హక్కునూ ఇచ్చింది. మనం ఎక్కువగా మొదటిదాని వెంటే పడ్డాం. ఇప్పచెట్టు దగ్గరికి, దుంపల గుట్ట దగ్గరికి, వెదురు పొద దగ్గరికి అవ్వ, తాత నడిచి వెళ్ళే హక్కు రెండోదానిలో ఉంది. ఆ దరఖాస్తులు నింపించడం కూడా మన పెద్దల ఆరోగ్యం కోసం చేసే పనే. పునరావాస కాలనీ కట్టే చోట ఇంటికి పెరడు, కాలనీకి మేత బీడు, ఆట మైదానం, నడిచి వెళ్ళగల సంత ఉండాలని ముందే పట్టుబట్టాలి. ఊరు దాటాక అడిగితే దొరకవు.

మన పూర్వీకులు తమ భుజాల మీద రోడ్లు మోశారు, అధికారులను మోశారు, పోరాటాలను మోశారు. ఆ బలాన్ని ఇతరులు పుట్టుక గుణమని చెప్పి ఉచితంగా తీసుకున్నారు. అది రోజూ పనితో, తిండితో, ఆటతో, అడవితో తయారైన బలమని మనకు తెలిస్తే, దాన్ని కాపాడుకోవడానికి ఏమేమి అడగాలో కూడా తెలుస్తుంది. పింఛను అడుగుదాం, మందులు అడుగుదాం. వాటితో పాటు నడవడానికి గట్టు, తవ్వడానికి నేల, ఆడడానికి మైదానం కూడా అడుగుదాం.